బరువు తగ్గే ఆపరేషన్‌కి ముందు తిండి అలవాట్లు సరిచేసే ప్రోగ్రామ్: నాలుగు నెలల తర్వాత నా రివ్యూ

ఇంకో ఐదు రోజుల్లో నాకు స్లీవ్ ఆపరేషన్, అంటే పొట్టలో ఎక్కువ భాగం తీసేసే ఆపరేషన్. ఈరోజు లిక్విడ్ డైట్‌లో పదో రోజు. ఆపరేషన్ ఎలా జరిగింది, ఎన్ని కిలోలు తగ్గాం అని చెప్పే రివ్యూలు బోలెడున్నాయి, వీడియోలు కూడా రాత్రుళ్లు కూర్చుని చాలా చూశాను. ఆపరేషన్‌కి ముందు నెలల్లో తిండితో పడే అవస్థ గురించి మాత్రం తెలుగులో నాకు పెద్దగా దొరకలేదు. అందుకే ఆపరేషన్ కాకముందే, అన్నీ గుర్తున్నప్పుడే రాస్తున్నాను.

ఇది హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్ వాళ్లు ఆపరేషన్‌కి ముందు పెట్టే మూడు నెలల ప్రోగ్రామ్. హాస్పిటల్ పేరు రాయడం లేదు. వాళ్లను మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి, గట్టిగా తప్పుపట్టాల్సినవీ ఉన్నాయి. మీరు ఏ ఊళ్లో ఏ హాస్పిటల్‌కి వెళ్లినా ఏం చూసుకోవాలో, ఏం అడగాలో తెలిస్తే చాలు.

నా సంగతి ముందు చెప్తాను. మాది ఖమ్మం. వయసు 42, ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని, ఇద్దరు పిల్లలు. ఎత్తు 158 సెంటీమీటర్లు, మొదటిసారి హాస్పిటల్లో తూకం వేసినప్పుడు 112 కిలోలు. అంటే బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) దాదాపు 45. తొమ్మిదేళ్లుగా షుగర్, మోకాళ్ల నొప్పులు. పడుకుంటే ఊపిరి ఆగి ఆగి వస్తోందని స్లీప్ స్టడీలో తేలింది. డైటింగ్‌లు చేయక కాదు, మూడుసార్లు పదేసి కిలోలు తగ్గాను, మూడుసార్లూ అంతకంటే ఎక్కువే తిరిగొచ్చాయి. 2025లో మౌంజారో, వెగోవీ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి కదా, వాటి గురించి కూడా అడిగాను. అవి ఆపేస్తే బరువు మళ్లీ పెరిగే అవకాశం ఎక్కువని, నా బీఎంఐకీ నా షుగర్‌కీ ఆపరేషనే మంచిదని సర్జన్ సార్ చెప్పారు. నేను, మా ఆయన ఇంటికొచ్చి వారం ఆలోచించుకుని సరే అనుకున్నాం.

అప్పుడు చెప్పారు, వెంటనే డేట్ ఇవ్వం, ముందు మూడు నెలలు ప్రోగ్రామ్ చేయాలి అని. ఫీజు 14 వేలు. డైటీషియన్ దగ్గర ఆరు సిట్టింగులు, కౌన్సెలింగ్ రెండు, శనివారం సాయంత్రాలు ఇప్పటికే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లతో ఆన్‌లైన్ మీటింగ్. నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. డబ్బు లాగడానికే అనుకున్నాను. ఆపరేషన్ అయితే ఎలాగూ తినలేను కదా, ఇక తిండి గురించి నేర్చుకునేది ఏముంది అనుకున్నాను. చాలామంది ఇలాగే అనుకుంటారని నాకిప్పుడు తెలుసు, ఎందుకంటే శనివారం మీటింగుల్లో ప్రతి కొత్తమనిషీ ఇదే మాట అంటారు.

మొదటి సిట్టింగ్‌లో నిరాశే మిగిలింది. ఒక ప్రింటెడ్ కాగితం చేతిలో పెట్టారు. ఉదయం ఓట్స్, పదకొండుకి ఆపిల్, మధ్యాహ్నం రెండు పుల్కాలు, సాయంత్రం గ్రీన్ టీ, రాత్రి సలాడ్. నేను ఉదయం ఐదున్నరకి లేచి ముగ్గురికి బాక్సులు కట్టి, ఏడున్నరకి స్కూల్ బస్సెక్కే మనిషిని. పదకొండుకి నాకు క్లాసు ఉంటుంది. మా ఇంట్లో మధ్యాహ్నం అన్నమే. ఆ కాగితం ఎవరి కోసం రాశారో నాకు అర్థం కాలేదు. హాస్పిటల్ వాళ్లు ఇది చదివితే దయచేసి ఆ కాగితం మార్చండి. ఖమ్మం, నల్గొండ, వరంగల్ నుంచి వచ్చేవాళ్లే మీ దగ్గర సగం మంది కనిపిస్తున్నారు, జొన్నరొట్టె, పప్పుచారు, గుడ్డు, చేప, మజ్జిగ ఆ కాగితంలో ఎక్కడా లేవు.

రెండో సిట్టింగ్‌కి వేరే డైటీషియన్ కూర్చున్నారు. నాకంటే చిన్నమ్మాయి, ముప్పై కూడా ఉండవు. మొదటి మాటే "అక్కా, ఆ పేపర్ పక్కన పెట్టండి, మీరు నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం తిన్నారో చెప్పండి" అంది. నాకు నచ్చింది అక్కడే. ఒక నోట్‌బుక్ ఇచ్చింది. అందులో రాయాల్సింది ఏం తిన్నాం అని మాత్రమే కాదు. ఎన్ని గంటలకి, కూర్చునా నిలబడా, పక్కన ఎవరున్నారు, తినేముందు ఆకలి పదిలో ఎంత, అప్పుడు మనసులో ఏముంది, ఇవన్నీ రాయాలి. రెండు వారాలు రాసి తీసుకెళ్లాను. టిఫిన్ రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, రాత్రి రెండు చపాతీలు. ఆ నోట్‌బుక్ చూస్తే ఎవరైనా ఈమె 112 కిలోలు ఎలా అయింది అనుకుంటారు.

ఆ అమ్మాయి పేజీలన్నీ తిప్పి చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది, "అక్కా, ప్రతి రోజూ పొద్దున ఆకలి సున్నా అని రాశారు. రాత్రి ఎనిమిదికి రెండు చపాతీలు తిన్నవాళ్లకి పొద్దున ఏడుకి ఆకలి వేయాలి. మధ్యలో ఏమైనా రాయడం మర్చిపోయారా?" నేను ఏం మాట్లాడలేదు. కళ్లలో నీళ్లొచ్చాయి. ఆమె కూడా ఇంకేం అడగలేదు, టిష్యూ ఇచ్చి, "ఈసారి రాయండి, నేను ఏమీ అనను" అంది. అంతే. నేను ఇచ్చిన స్టార్లలో మూడు ఆ ఒక్క మాటకే.

అవును, నేను రాయలేదు. రాత్రి పదిన్నరకి అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి తినేది రాయలేదు. గిన్నెలో మిగిలిన అన్నం, చిన్నోడు వదిలేసిన పెరుగన్నం, డబ్బాలో మురుకులు, టీలోకి తెచ్చిన బిస్కెట్లు. ఎప్పుడూ ప్లేటులో పెట్టుకోను, లైటు కూడా వేయను, ఫ్రిజ్ వెలుతురులోనే. నోట్లో వేసుకుంటూ గిన్నెలు సర్దుతాను. అది తినడం అని నాకు నిజంగానే అనిపించేది కాదు. ముప్పైల్లో మొదలైంది ఇది, మా నాన్న పోయిన ఏడాది నుంచి. ఇన్నేళ్లలో మా ఆయనకి కూడా తెలియదు.

తర్వాతి రెండు వారాలు అన్నీ రాశాను. రాయడం మొదలుపెడితే తగ్గుతుందేమో అనుకున్నాను, తగ్గలేదు, కానీ కనపడింది. రోజు మొత్తంలో నేను కూర్చుని తినేది ఎంతో, నిలబడి తినేది కూడా దాదాపు అంతే. ఇప్పుడు ఇందులో అసలు విషయం చెప్తాను, ఆపరేషన్ ఆలోచనలో ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. స్లీవ్‌లో పొట్టలో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు, సన్నటి గొట్టంలాగా మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతోపాటు పోతుంది, కాబట్టి మొదట్లో ఆకలి బాగా తగ్గుతుంది. ఒకేసారి ఎక్కువ తినలేం. కానీ నేను ఒకేసారి ఎక్కువ తినే మనిషిని కాదు. కొంచెం కొంచెంగా, ఆకలి లేకుండా, రాత్రంతా తినే మనిషిని. మురుకులు, బిస్కెట్లు, ఐస్‌క్రీమ్ లాంటివి నోట్లోనే కరిగి చిన్న పొట్టలోంచి కూడా సులువుగా జారిపోతాయట. ముక్క కూర తింటే రెండు ముద్దలకే నిండిపోయిన పొట్ట, అరగంటకోసారి రెండు బిస్కెట్లు తింటే అడ్డు చెప్పదు. అంటే నా అలవాటు ఎలా ఉందో అలాగే ఉంటే, లక్షలు పోసి చేయించుకున్న ఆపరేషన్‌ని నేనే దాటేసుకుంటూ వెళ్తాను. శనివారం మీటింగ్‌లో వరంగల్ నుంచి ఒకామె అచ్చం ఇదే చెప్పింది, మొదటి ఏడాది బాగా తగ్గి రెండో ఏడాది చిరుతిళ్లతో పెరగడం మొదలైందని. ఆమె ఏడుస్తూ చెప్పింది, నేను ఇక్కడ ఏడుస్తూ విన్నాను. అప్పటినుంచి ఈ ప్రోగ్రామ్ మీద కోపం పోయింది.

కౌన్సెలింగ్ గురించి. మొదటి సిట్టింగ్ చాలా దారుణం. ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నల కాగితం, ఎక్కువైతే ఇరవై నిమిషాలు, టిక్కులు పెట్టించుకుని, "ఫిట్" అని రాసి పంపించారు. రాత్రి తిండి గురించి చెప్పాలని నోటిదాకా వచ్చింది, ఆ కౌన్సెలర్ గడియారం చూస్తున్నారు, చెప్పలేకపోయాను. ఆ రోజు తిరుగు ప్రయాణంలో బస్సు సూర్యాపేటలో ఆగితే దిగి మిర్చి బజ్జీలు ఒక ప్లేటు, తర్వాత ఇంకో ప్లేటు తిన్నాను. ఆకలి వేసి కాదు. అది కూడా నోట్‌బుక్‌లో రాశాను. డైటీషియన్ అది చదివి తనే వెళ్లి మాట్లాడి, రెండో సిట్టింగ్ తెలుగు బాగా వచ్చిన వేరే మేడమ్ దగ్గర పెట్టించింది. ఇది ఆ అమ్మాయి మంచితనం, హాస్పిటల్ పద్ధతి కాదు, అందుకే హాస్పిటల్‌కి దీనికి మార్కులు ఇవ్వను.

ఈ రెండో మేడమ్ యాభై నిమిషాలు కూర్చున్నారు. ఇంట్లో వంట ఎవరు చేస్తారు, ఆఖరికి ఎవరు తింటారు, మిగిలింది ఎవరు తింటారు అని అడిగారు. మా ఇంట్లో అన్నిటికీ జవాబు ఒకటే. అన్నం పారేస్తే పాపం అని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని, పారేయలేను, అందుకని తినేస్తాను. "మిగిలింది సర్దే పని ఇంకెవరైనా చేయగలరా?" అన్నారు. ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు ఇన్నేళ్లలో. మా ఆయన్ని లోపలికి పిలిచారు. నేను మొదటిసారి ఆయన ముందు రాత్రి సంగతి చెప్పింది ఆ గదిలోనే. ఆయన చాలాసేపు నేల చూస్తూ కూర్చుని, "నాకు చెప్పొచ్చు కదా" అన్నారు. ఆ రోజు నుంచి రాత్రి తొమ్మిదికి గిన్నెలు ఖాళీ చేసి, మిగిలింది డబ్బాల్లో వేసి ఫ్రిజ్‌లో పెట్టి, గ్యాస్ పొయ్యి గట్టు తుడిచి, వంటింటి లైటు ఆర్పే పని ఆయనది. రోజూ చేశారని చెప్పను, క్రికెట్ ఉన్న రోజు మర్చిపోతారు. కానీ నేను రాత్రి తిన్న రోజులు వారానికి ఏడు నుంచి రెండుకి వచ్చాయి, ఒక్కో వారం ఒకటి.

డైటీషియన్ నేర్పిన మిగతా పనులు వినడానికి చిన్నవి, చేయడానికి చాలా కష్టం. ముద్దని ఇరవై ముప్పై సార్లు నమలాలి. మనం పప్పుచారు అన్నం నమలం, మింగేస్తాం. నేను ఎనిమిది నిమిషాల్లో భోజనం ముగించేదాన్ని, టైమర్ పెట్టి చూసుకున్నాను. ఇప్పుడు ఇరవై నిమిషాలు పడుతోంది. చేత్తో కలుపుకుంటే ముద్ద పెద్దదైపోతోందని చిన్న చెంచా, చిన్న గిన్నె వాడమన్నారు. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. కారం తింటూ నీళ్లు తాగకుండా ఉండటం రెండు వారాలు నరకంలా ఉంది, తర్వాత కూరలో కారమే తగ్గించుకున్నాను. ముందు గుడ్డు, చికెన్, చేప, పనీర్, పప్పు లాంటివి తినాలి, ఆ తర్వాత కూర, ఆఖరికి అన్నం. ఆపరేషన్ తర్వాత రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ కావాలట. ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటుంది, చిన్న గిన్నెడు ఉడికిన పప్పులో ఏడెనిమిది. నేను రోజు మొత్తంలో ఎంత తింటున్నానో లెక్క వేస్తే 35 దాటలేదు. అన్నంతోనే కడుపు నింపుకుంటున్నానన్నమాట. ఇదంతా ఆపరేషన్ అయ్యాక నేర్చుకోవాలంటే, కుట్లతో, నీరసంతో, గుక్కెడు నీళ్లు కూడా మెల్లగా తాగాల్సిన రోజుల్లో నావల్ల అయ్యేది కాదు.

ఇక అన్నిటికంటే చెడ్డ అనుభవం. దీనికే ఒక స్టార్ కోసేశాను.

డిసెంబర్‌లో నాకు జనవరి 28 డేట్ ఇచ్చారు. డేట్ వచ్చిన రోజు నుంచి నాకు ఏదో పట్టింది. ఇక బిర్యానీ తినలేను, ఇక పెళ్లి భోజనం తినలేను, ఇదే ఆఖరు అని రోజుకొకటి గుర్తుకొచ్చి తినేదాన్ని. మూడు వారాల్లో దాదాపు మూడు కిలోలు పెరిగాను. డైటీషియన్‌కి చెప్తే తను అన్నది నాకు ఇప్పటికీ ఉపయోగపడుతోంది. "అక్కా, బిర్యానీ ఎక్కడికీ పోదు. కొన్ని నెలలు ఆగితే మళ్లీ రెండు మూడు చెంచాలు తినొచ్చు. పోయేది ప్లేటు, బిర్యానీ కాదు." ఆ మాట ముందే, డేట్ ఇచ్చిన రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు లివర్ తగ్గే డైట్ ఉంటుంది, మొదట్లో చెప్పిన లిక్విడ్ డైట్ ఇదే. ఎందుకో తెలిస్తే చేయబుద్ధవుతుంది, అందుకే రాస్తున్నాను. మనలాంటి వాళ్ల లివర్ కొవ్వుతో ఉబ్బి ఉంటుంది, దాని ఎడమ భాగం సరిగ్గా పొట్ట మీద కప్పుకుని ఉంటుంది. లాప్రోస్కోపీలో, అంటే చిన్న చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్‌లో, సర్జన్ దాన్ని పైకెత్తి పట్టుకుని కింద పని చేయాలి. పెద్దగా, మెత్తగా ఉంటే ఎత్తడం కష్టం, రక్తం కారే ప్రమాదం. పిండి పదార్థాలు బాగా తగ్గిస్తే లివర్‌లో దాచుకున్న గ్లైకోజెన్ (నిల్వ ఉండే చక్కెర) ఖర్చవుతుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీళ్లు పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ నీళ్లూ పోతాయి, కొవ్వూ కొంత కరుగుతుంది. రెండు వారాల్లోనే లివర్ చిన్నదవుతుంది. నాకు ఇచ్చింది రోజుకి మూడు ప్రోటీన్ షేకులు, పల్చటి మజ్జిగ, వడకట్టిన కూరగాయల సూప్, మధ్యాహ్నం ఒక గిన్నె ఉడికించిన కూర. అంతా కలిపి 800, 900 కేలరీలు.

అది మొదలుపెట్టాల్సిన రోజు జనవరి 14. అంటే భోగి, సంక్రాంతి పండుగ మొదలు. ఇంటి నిండా చుట్టాలు, అత్తమ్మ వారం నుంచి సకినాలు, అరిసెలు చేసి డబ్బాలు నింపి పెట్టింది. తెలుగువాళ్లు నడిపే హాస్పిటల్‌లో క్యాలెండర్ చూసి డేట్ ఇవ్వకపోవడం ఏంటో నాకు అర్థం కాదు. నేను కూడా అడగలేదు, నా తప్పు కూడా ఉంది. రెండు రోజులు ఎలాగో నోరు కట్టుకున్నాను. మూడో రోజు, కనుమ నాడు, పదకొండున్నరకి చేతులు వణికి, చెమటలు పట్టి, కళ్లు తిరిగాయి. పెద్దమ్మాయి మీటర్ తెచ్చి చూస్తే షుగర్ 58. నేను మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర కూడా వేసుకుంటాను. తిండి మూడో వంతుకి తగ్గించి అదే మాత్ర అదే డోసులో వేసుకుంటే షుగర్ పడిపోతుందని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఎవరూ చెప్పలేదు. సర్జన్ దగ్గరా, డైటీషియన్ దగ్గరా, షుగర్ డాక్టర్ దగ్గరా నా మాత్రల లిస్టు ఉంది, ఒకళ్లు చెప్తారని ఒకళ్లు అనుకున్నారు. హెల్ప్‌లైన్ నంబర్‌కి పదకొండుసార్లు చేశాం, పండుగ రోజు ఎవరూ ఎత్తలేదు.

అత్తమ్మ గబగబా చక్కెర నీళ్లు తాగించింది. నిజానికి మూడు నాలుగు చెంచాల చక్కెర వేసిన నీళ్లు తాగి, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూసుకుంటే సరిపోతుందట. నాకు ఆగడం తెలియలేదు, భయంతో అరిసె తిన్నాను, తర్వాత ఇంకోటి. వణుకు తగ్గాక కూడా తిన్నాను. డైట్ ఎలాగూ పోయింది కదా అనిపించింది. ఆ రోజు రాత్రి సకినాల డబ్బా సగం ఖాళీ. మర్నాడు కూడా అంతే. నాలుగు రోజులు తిన్నాను, రోజూ డైటీషియన్‌కి వాట్సాప్‌లో "షేకులే తాగుతున్నాను" అని పెట్టాను. ఐదో రోజు పొద్దున ఇక భరించలేక ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేశాను. తను ఒక్క మాట అనలేదు, మొదట అడిగింది "షుగర్ ఎంత పడిందన్నారు?" అని. మధ్యాహ్నానికి సర్జన్ సార్ దగ్గరనుంచి ఫోన్ వచ్చింది. డేట్ మార్చారు. "అబద్ధం చెప్పి టేబుల్ మీదకి వచ్చి ఉంటే నాకూ కష్టం, మీకూ కష్టం అమ్మా, చెప్పడం మంచిదైంది" అన్నారు. ఇలాంటి ఫోన్ సర్జన్ స్వయంగా చేయడం నాకు చాలా పెద్ద విషయం, అది కూడా రాయాలి. కానీ మాత్రల సంగతి మాత్రం క్షమించలేను. ఇంట్లో ఎవరూ లేని టైంలో అది జరిగి ఉంటే?

షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఈ డైట్ మొదలుపెట్టే ముందు ప్రతి మాత్రా పేరు రాసుకెళ్లి, ఏది ఆపాలి, ఏది తగ్గించాలి అని డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి. మీ అంతట మీరు ఆపకండి. కొన్ని రకాల షుగర్ మాత్రలు, ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి, ఆపరేషన్‌కి కొన్ని రోజుల ముందే ఆపాల్సి ఉంటుంది, అవి ఉంటే ప్రత్యేకంగా అడగండి. ఈసారి నాకు గ్లిమెపిరైడ్ ఆపేసి, రోజుకి నాలుగుసార్లు చూసుకోమన్నారు. పది రోజుల్లో ఒక్కసారి కూడా 90 కిందికి రాలేదు.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తాను. ఆపరేషన్ ప్యాకేజీ మాకు చెప్పింది 3 లక్షల 60 వేలు. ఎండోస్కోపీ, స్లీప్ స్టడీ, స్కానింగ్, విటమిన్ టెస్టులు అందులో లేవని క్యాష్ కౌంటర్ దగ్గర తెలిసింది, ముందే చెప్పాల్సింది. ఇన్సూరెన్స్ ఉంటే, బీఎంఐ 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి, లేదా 35 గానీ ఆపైన గానీ ఉండి అదుపులో లేని షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) లాంటివి ఉండాలి. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు మన ఆసియావాళ్లకి 27.5 నుంచే ఈ ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు అన్నా, పాలసీల్లో మాత్రం పాత లెక్కే ఉంది. వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక ఎంతకాలం ఆగాలో కూడా చూసుకోండి. ప్రోటీన్ పౌడర్ వాళ్ల ఫార్మసీలోనే కొనమంటారు, బయట అంతే ప్రోటీన్ ఉన్నది తక్కువకి దొరికింది, డైటీషియన్‌కి డబ్బా ఫొటో పంపితే సరే అంది. రుచి గురించి చెప్పాలంటే, వెనిలా వారం తర్వాత వాసనకే కడుపులో తిప్పుతుంది, చల్లటి మజ్జిగలో కలిపే ఫ్లేవర్ లేనిది ఉంటే తీసుకోండి, కొంచెం జీలకర్ర పొడి వేసుకుంటే మన నోటికి సర్దుకుంటుంది.

శనివారం మీటింగ్ ఉచితం, తెలుగులోనే, గంటన్నర. ఈ ప్రోగ్రామ్‌లో నాకు డైటీషియన్ తర్వాత అంత ఉపయోగపడింది అదే. జుట్టు రాలడం గురించి, జీవితాంతం విటమిన్ మాత్రల గురించి, పెళ్లిళ్లలో "ఏంటి అసలు తినట్లేదు" అని అడిగేవాళ్లకి ఏం చెప్పాలో, అన్నీ అక్కడ మాట్లాడుకుంటారు. డాక్టర్లు ఉండరు కాబట్టి మందుల విషయంలో అక్కడ విన్నది పాటించకండి.

మొత్తం ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. పండుగ రోజు ఫోన్ ఎత్తే మనిషిని పెట్టి, మాత్రల బాధ్యత ఎవరిదో తేల్చిన రోజు ఐదోది ఇస్తాను, ఈ మాట ఫీడ్‌బ్యాక్ ఫారంలో కూడా రాశాను. మీ ఊళ్లో ఏ హాస్పిటల్‌కి వెళ్లినా, "వచ్చే వారమే చేసేస్తాం" అని చెప్పే చోట ఆగి అడగండి, ఆపరేషన్‌కి ముందు నా తిండి గురించి ఎవరు, ఎన్నిసార్లు, ఎంతసేపు మాట్లాడతారు అని.

ఇప్పుడు రాత్రి తొమ్మిదింపావు. ఇది హాల్లో కూర్చుని టైప్ చేస్తున్నాను. ఆకలి పదిలో నాలుగు, నోట్‌బుక్‌లో రాశాను. వంటింట్లోంచి డబ్బాల మూతలు పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. చిన్నోడి పెరుగన్నం మిగిలిందట, ఏం చేయమంటావు అని మా ఆయన అడుగుతున్నారు.